యుద్ధం నుంచి వచ్చిన దిండు గలీబు

సముద్రం అవతలి యుద్ధం నుంచి కొడుకు పంపిన పట్టు దిండు గలీబును అత్తగారు వీధి వీధంతా తిప్పి చూపించింది. నీలం పట్టు మీద రెండు చిలకలు, చుట్టూ పూలతీగ, మధ్యలో ఎర్రదారంతో ‘మా అమ్మకు’. సిపాయిలు ఏ అక్షరాలు గీసిస్తే అవే కుట్టిస్తారట అక్కడి దర్జీలు.

కోడలికి మాత్రం జేబురుమాలైనా రాలేదు. కుట్టు దుకాణంలో ఊరందరి బట్టలకూ పూలు కుట్టే పెళ్ళాన్ని మొగుడు మరిచేపోయాడన్నమాట! ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం అత్తగారు గుర్రు మొదలుపెట్టగానే కోడలు గలీబు, చిన్న కత్తెర తీసుకుని కిటికీ దగ్గర చేరింది. ఆ అక్షరాలు విప్పేసి తన పేరు కుట్టుకోవాలి. అడిగితే, ఉతుకులో ఊడిపోయిందని బొంకాలి.

పట్టులో సూది దిగిన చోటు మళ్ళీ పూడదు. దారం లాగేసినా చిల్లులు ఉండిపోతాయి. అక్షరాలు విప్పగానే ‘మా అమ్మకు’ చిల్లులు కనిపించాయి. వాటి మధ్య ఇంకో వరస కూడా కనిపించింది. గలీబును వెలుతురుకెత్తి చదివింది.

‘నా కందిరీగకు’.

పెళ్ళైన కొత్తలో మొగుడు తనకు పెట్టిన ముద్దుపేరు అది!

“ఏం చేస్తున్నావే?” వెనక నుంచి అత్తగారు.

“మీరు చేసిందే అత్తయ్యా. విప్పుతున్నా. ఈ పాత చిల్లులేంటి?”

“చెదలేమో.”

“చెదలకి అక్షరాలొచ్చా? ‘నా కందిరీగకు’ అని కొరికాయి.”

అత్తగారు మంచం మీద కూలబడింది. “పొట్లం రావడం వీధంతా చూసిందే. ఎదురింటావిడకి కొడుకు శాలువా పంపాడు. నా కొడుకు పెళ్ళానికే పంపాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను? కళ్ళజోడు కూడా లేకుండా కుట్టా.”

“తెలుస్తూనే ఉంది. మీ అక్షరాలు చిలక తోక పట్టుకుని వేలాడాయి.”

కోడలు కోపం తెచ్చుకోవాలని చూసింది. మొగుడు తనను మరిచిపోలేదన్న సంతోషం రానిస్తేగా!

“గలీబుకి రెండు వైపులుంటాయి అత్తయ్యా. ఇటు నా పేరు మళ్ళీ కుట్టుకుంటా. వెనక మీ పేరు కుడతా, అచ్చం దర్జీ కుట్టినట్టు.”

“చిలకలు లేకపోతే ఎదురింటిది నమ్ముతుందా?”

“అవీ కుడతా. కానీ మీ అబ్బాయి తిరిగొచ్చాక ఈ చిల్లుల సంగతి మీ నోటితో మీరే చెప్పాలి.”

అత్తగారు గలీబు కేసి చూసింది, కోడలి కేసి చూసింది.

“అయితే మూడు చిలకలు కుట్టు,” అంది.