పన్నెండు డిగ్రీల వాలు

బాబాయిని ఉద్యోగంలోంచి పక్కన పెట్టి ఇరవై రోజులైంది. కాలిన గాయాలకు వేసే మందు పట్టీల కంపెనీలో ఆయన ఇరవయ్యారేళ్లుగా పూత యంత్రం నడిపాడు. వాలుగా పెట్టిన స్టీలు పలక మీదుగా మందు పల్చని పొరగా జారి, కిందనున్న గుడ్డ మీద సమంగా పరుచుకోవాలి. ఈమధ్య ఆ పొర మీద అలలు లేచి పట్టీలు చారలు చారలుగా వస్తున్నాయి. పలక సరిగ్గా కడగడం లేదని మేనేజరు తప్పంతా ఆయన మీదికి నెట్టేశాడు.

"నా చేతుల్లోనే ఏదో తేడా వచ్చిందేమోనమ్మా," అన్నాడు బాబాయి, చూడ్డానికొచ్చిన అన్న కూతురితో.

 పని వేగంగా సాగాలని ఆ పలకను ఐదు డిగ్రీల నుంచి పన్నెండుకు ఎత్తింది కంపెనీవాళ్లే. కానీ పన్నెండు దాకా పొర మీద అలలు లేవవని రెండేళ్లు యూనివర్సిటీ ల్యాబులో కొలిచి పరిశోధన పత్రం రాసింది ఆమె; దాన్ని నమ్మే వాళ్లు ఎత్తారు. ఆ సంగతి బాబాయికి తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ల్యాబుకు పరుగెత్తింది. గాజు కాలువను మరిగే నీళ్లతో నాలుగుసార్లు కడిగి, పన్నెండు డిగ్రీల వాలులో ద్రవం వదిలింది. పైన జానెడు మేర అద్దంలా ఉంది. కిందికి వచ్చేకొద్దీ సన్నని గీతలు, చివర్లో మడతలు. పంపు అదురుతోందేమోనని దాని కింద రబ్బరు పెట్టింది. ద్రవం మార్చింది. వాలు ఎనిమిదికి దించింది. అలలు పోలేదు.  పాత నోటుబుక్కులు కిందా మీదా వేసి చూసింది. ప్రతి పేజీలోనూ పొర నిశ్చలమనే ఉంది. అబద్ధం రాయలేదు కదా తను!

చేతులు కడుక్కోబోతే సింకు పక్కన సబ్బు ద్రవం సీసా కనబడింది. రెండేళ్లూ గాజును దాంతోనే తోమి, హడావుడిగా రెండు చెంబుల నీళ్లు కుమ్మరించేది. అగ్గిపుల్ల కొసకు అంటినంత సబ్బును ద్రవం ఉన్న తొట్టిలో కలిపింది. ఐదు నిమిషాల్లో అలలన్నీ సద్దుమణిగాయి.

ఆ రెండేళ్లూ గాజుకు సబ్బు మిగిలిపోయిందన్నమాట. సబ్బు పైపొరను బిగబట్టి అలల్ని లేవనివ్వలేదు. గాయానికి వేసే మందులో సబ్బు ఎవరు కలుపుతారు? బాబాయి పలకను తళతళలాడేలా కడిగాడు. అందుకే అక్కడ అలలు లేచాయి.

ప్రొఫెసరు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వచ్చే నెల ప్రాజెక్టు సమీక్ష కానిచ్చి, తీరిగ్గా మళ్లీ కొలుద్దామన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆ పత్రం మీద ఆయన పేరు కూడా ఉంది.

"నెల్లో ఏం కొంప మునిగిపోదు," అన్నాడు.

"మా బాబాయిది మునిగిపోయింది సార్."

మధ్యాహ్నానికి ఆమె కంపెనీలో ఉంది. సబ్బుతోనూ, సబ్బు లేకుండానూ ద్రవం జారుతుండగా ఫోన్లో తీసిన రెండు వీడియోలూ మేనేజరుకు చూపించి, తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. ఆయన పలకను ఐదుకు దింపించాడు. గంటలో చారల్లేని గుడ్డ వచ్చింది. బాబాయిని రేపటి నుంచి రమ్మంటూ ఉత్తరం టైపు చేయించాడు. ఈలోగా ప్రొఫెసరు దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది: ల్యాబు తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్యమని.

ఆ ఉత్తరం తనే పట్టుకెళ్లి బాబాయి చేతిలో పెట్టి, దాచకుండా అంతా చెప్పింది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివాడు. సంతోషిస్తాడనుకుంది.

"నిన్న నా ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా నీకు తెలుసు, ఆ లెక్క నీదని," అన్నాడు చివరికి.

"తప్పని తెలీదు బాబాయ్."

"లెక్క నీదని తెలుసు కదమ్మా."

ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్లి మెల్లగా తలుపు వేసుకున్నాడు. పిన్ని వీధి గుమ్మం దాకా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నాలుగు రోజులాగి రమ్మంది. ఆమె తలూపి మెట్లు దిగింది. ఎటు వెళ్లాలో తోచక వీధి చివరి దాకా నడిచి, అక్కడే నిలబడిపోయింది.