ముందు చక్రానికి ప్రార్థన నూనె

ఆ శనివారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు. గోవా ప్రయాణానికి బూట్లు బిగించుకుంటున్న డేవిడ్‌రాజు మాస్టారు, వంటింట్లో ఇడ్లీ రేకులు దించుతున్న ఆయన భార్య కృపాజ్యోతి, ముందుగదిలో మంచం మీద కూర్చుని అందరికీ పనులు పురమాయిస్తున్న ఆయన తల్లి సుబ్బమ్మ, ప్రయాణపు ప్రార్థన చేయడానికి వచ్చిన నెహెమ్యా పాస్టరుగారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కూతురు జాయిస్. వసారాలో నిలబెట్టిన బండిని కూడా కలుపుకుంటే ఆరు. ఆ ఇంట్లో దాన్ని కలుపుకోకుండా ఎవరూ మాట్లాడరు.

అది ఆరువందల యాభై సీసీ క్రూజర్ మోటార్‌సైకిల్. రెండు క్వింటాళ్ళ నలభై కిలోల బరువు. జగ్గయ్యపేట మొత్తానికి అలాంటిది అదొక్కటే. స్టార్ట్ చేస్తే ఎదురింటి వాళ్ళ స్టీలు గిన్నెలు అరలో మోగుతాయి. మాస్టారు నందిగామ దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. బండి కొన్న రెండేళ్ళలో ఆయన దాని మీద తిరిగిందల్లా ఇంటికీ బడికీ మధ్యనే. నందిగామలో ఎరువుల కొట్టు ఉమాకాంతం, ఇంకో ఇద్దరు పెద్ద బండ్ల వాళ్ళు కలిసి ఏడాదికి రెండు దూర ప్రయాణాలు చేస్తారు. మాస్టారు రెండుసార్లు వస్తానని చెప్పి ఆగిపోయాడు. ఒకసారి సుబ్బమ్మకి జ్వరం, ఇంకోసారి పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ.

"మాస్టారి బండి వారానికోసారి తలంటు పోసుకుని మళ్ళీ పడుకుంటదిరా" అని ఉమాకాంతం అన్న మాట నందిగామ టీ కొట్ల దాకా పాకింది. మాస్టారు నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ వారం ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. దసరా సెలవులు ఇవ్వగానే ఈ మూడో ప్రయాణం పెట్టుకున్నాడు.

జాయిస్ ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది వినపడక గైర్హాజరు వేసిన రోజులున్నాయి. బండి దగ్గర మాత్రం వేరే మనిషి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక తండ్రీ కూతుళ్ళిద్దరూ వసారాలో చేరతారు. ఆయన చెయ్యి చాపితే ఏ పానా కావాలో ఆమెకి తెలుసు. ఆయిల్ ఎప్పుడు మార్చారు, చైన్ ఎన్ని కిలోమీటర్లకి బిగించారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసేది ఆమే.

ఆ పొద్దున ఏడింటికి పాస్టరుగారు చిన్న సీసా తీసి, ప్రార్థన చేసిన నూనె వేలితో ముట్టుకుని బండి ట్యాంకుకీ హ్యాండిల్‌కీ రాశాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించాడు. ఇంజన్ కోసం, దారి కోసం, ఎదురొచ్చే లారీ డ్రైవర్ల మెలకువ కోసం కూడా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అని లోపలికి నడిచారు. సీసా వసారా గట్టు మీదే ఉండిపోయింది.

జాయిస్ మంచినీళ్ళ సీసా తేవడానికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి సుబ్బమ్మ బండి ముందు గొంతుక్కూర్చుని ఉంది. అరచేతిలో నూనె. ముందు చక్రం మధ్యలో మెరిసే పళ్ళేనికి, చిన్నపిల్లాడి పొట్టకి రాసినట్టు గుండ్రంగా రాస్తోంది.

"నాయనమ్మా!"

"అరవమాకే. అయ్యగారు పైపైన రాసి ఊరుకున్నాడు. దొర్లేది చక్రాలా, ట్యాంకా? వెనక దానిక్కూడా రాశా."

"అది రాయకూడదు నాయనమ్మా. అది బ్రేకు."

"ప్రార్థన చేసిన నూనే! కిరసనాయిలు రాసినట్టు మాట్లాడతావేందే? మీ నాన్నకి చెప్పమాకు. బండి ముట్టుకున్నానంటే ఎగురుతాడు."

జాయిస్ గుడ్డ కోసం పరిగెత్తింది. ఇంతలోనే వీధిలో మూడు బండ్లు ఒకేసారి హారన్ కొట్టాయి. ఉమాకాంతం, వెనక ఇద్దరు. హెల్మెట్లు, మోకాళ్ళకి తొడుగులు, పెద్ద గొంతులు. కొత్త మగవాళ్ళ గొంతు వినగానే ఆమె కాళ్ళు వాటంతటవే కిటికీ చాటుకి వెళ్ళిపోయాయి. గుడ్డ చేతిలోనే ఉంది.

మాస్టారు బయటికి వచ్చి, అందరూ చూస్తుండగా బండిని వసారా వాలు మీద నుంచి వీధిలోకి దించాడు. చక్రం తిరిగింది. నూనె రాసిన పళ్ళెం, దాన్ని రెండు వైపులా నొక్కి ఆపే ప్యాడ్ల మధ్య నుంచి ఒక చుట్టు, రెండు చుట్లు వెళ్ళడం జాయిస్ కిటికీలోంచి చూసింది. వాలు చివర బండి ఆగాల్సిన చోట ఆగలేదు. జానెడు ముందుకు జారింది.

"ఏంటిది, రాయి తడిగా ఉందా?" అన్నాడు మాస్టారు.

"మాస్టారూ, ఇంటి ముందే జారితే గోవా ఎప్పుడు చేరతాం?" అన్నాడు ఉమాకాంతం. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, వాళ్ళని టిఫిన్‌కి లోపలికి తీసుకెళ్ళాడు.

జాయిస్ నవ్వలేదు. ఆ పళ్ళేనికి, అంటే డిస్కుకి, నూనె అంటితే కడుక్కోవచ్చు. ప్యాడ్ నూనె తాగిందంటే ఇక దానికి మందు లేదు. చల్లగా ఉన్నంతసేపు పట్టినట్టే ఉంటుంది, వేడెక్కేసరికి తాగిన నూనె కక్కుతుంది. ఎక్కడో దిగుడులో బ్రేకు పట్టకుండా చెయ్యిస్తుంది. ఆ మాటలు ఆమెవి కాదు, నాన్నవి. పోయిన వేసవిలో పాత ప్యాడ్ చేతికిచ్చి, వాసన చూడమని మరీ చెప్పాడు. గోవాకి ముందు కొండ దిగే దారి, అన్‌మోడ్ ఘాట్ ఉంది. వారం రోజులుగా ఆయన ఆ మలుపుల ఫోటోలే చూపిస్తున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, నాన్నతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు మరి, నోరు లేదా? ముందు ఈ చట్నీ వాళ్ళకి పట్టుకెళ్ళు."

చట్నీ గిన్నెతో ముందుగదిలోకి వెళ్ళింది. నలుగురు మగవాళ్ళు, పాస్టరుగారు. నాన్న మధ్యలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం అంత వెలిగిపోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. గిన్నె పెట్టి వచ్చేసింది.

గదిలోకి వెళ్ళి నోటుబుక్కులోంచి చిన్న కాగితం చింపింది. "నాన్నా, రెండు డిస్కులకీ నూనె అంటింది. ప్యాడ్లు తాగినయ్యి. వెళ్ళొద్దు" అని రాసింది. నాలుగు మడతలు పెట్టి, మాస్టారు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చినప్పుడు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చొక్కా జేబులో అప్పటికే అలాంటి కాగితాలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఎవరైనా దూరప్రయాణం వెళ్తుంటే వాక్యం రాసిన చీటీ ఇవ్వడం వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకి అలవాటు. నిన్న సాయంత్రం కూడికలో తలా ఒకటి ఇచ్చారు. ప్రయాణంలో ఆగినచోటల్లా ఒకటి తీసి చదువుకోవాలి.

మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు కూడా రాశావా తల్లీ? నీది ఆఖర్న చదువుతా. గోవా చేరాక." మడత విప్పకుండానే మిగతా వాటితో కలిపి జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు.

ఆమె నోరు తెరిచింది. ఆయన అప్పటికే వీధి గుమ్మంలో ఉన్నాడు.

హెల్మెట్ పెట్టుకున్నాడు. చేతికి తొడుగులు వేసుకున్నాడు. మిగతా మూడు ఇంజన్లూ మోగాయి. ఎదురింట్లో గిన్నెలు కదిలాయి. కృపాజ్యోతి కళ్ళు తుడుచుకుంటోంది, పాస్టరుగారు చెయ్యి ఊపుతున్నాడు. అప్పుడు జాయిస్ చెప్పులు కూడా లేకుండా వీధిలోకి దూకి, బండి హ్యాండిల్ పట్టుకుని అరిచింది.

"బ్రేకుకి నూనె రాశారు నాన్నా!"

అంత గొంతు ఆమెకుందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి.

మాస్టారు దిగి, తొడుగు తీసి డిస్కు మీద వేలు పెట్టాడు. వేలు చూసుకున్నాడు. "ఎవరు?" అన్నాడు.

సుబ్బమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "నేనే రాశాన్రా. దొంగతనం చేశానా? ప్రార్థన చేసిన నూనె చెడు చేస్తదని నీ కూతురు చెబుతుంటే అయ్యగారు వింటా నిలబడ్డాడు చూడు!"

అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన సీసా మూత తిప్పుతూ, "నేను ట్యాంకుకే రాశానమ్మా... వాటి సంగతి నాకు తెలవదు. సార్, ఒకసారి ఎవరికైనా చూపించుకుంటే..." అని ఆగిపోయాడు.

ఉమాకాంతం వంగి చూసి, "సబ్బు నీళ్ళతో కడిగితే పోద్ది మాస్టారూ. దీనికేముంది!" అన్నాడు. కృపాజ్యోతి గిన్నెలు తోమే సబ్బు, బకెట్ నీళ్ళు తెచ్చింది. మాస్టారు రెండు డిస్కులూ కడిగాడు, తుడిచాడు, మళ్ళీ కడిగాడు. బండెక్కి వీధి చివరి దాకా వెళ్ళి వచ్చాడు. బ్రేకు పట్టింది. నాలుగుసార్లు నొక్కితే నాలుగుసార్లూ పట్టింది.

"పట్టిందిగా. ఎక్కండి, ఎండెక్కుద్ది" అన్నాడు ఉమాకాంతం.

"చల్లగా ఉంది గనక పట్టింది" అంది జాయిస్. ఈసారి గొంతు చిన్నదైపోయింది. "ప్యాడ్లు మార్చాలి. నువ్వే చెప్పావు నాన్నా."

మాస్టారు డిస్కు మీద మళ్ళీ వేలు పెట్టి చూశాడు. "ఈ ప్యాడ్లు ఇక్కడ దొరకవు" అన్నాడు, ఆమెతో కాదు, ఉమాకాంతంతో. "నందిగామలోనూ ఉండవు. హైదరాబాద్‌లో మార్పిస్తే..."

"మనం ఊళ్ళోకి పోం గదా, ఔటర్ రింగు రోడ్డు మీద నుంచి అటే పోతాం. పైగా రేపు ఆదివారం, ముందు ఊళ్ళలో షాపులు తెరవరు. రూములు కూడా బుక్ చేసినయ్యి." ఉమాకాంతం హెల్మెట్ అద్దం దించుకున్నాడు. "మీ ఇష్టం మాస్టారూ. రాకపోయినా మేం ఏమనుకోం. అలవాటేగా."

వెనక బండి మీద ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఉన్నారు. అందులో ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళూ ఉన్నారు.

"నేను రానన్నానా?" అన్నాడు మాస్టారు. "నెమ్మదిగా తోలుకుంటా."

"ఈసారికి మీరు ఆగితే పోద్దేమోనండీ" అంది కృపాజ్యోతి. ఆయన ఆమె వైపు చూడలేదు.

జాయిస్ చెయ్యి చాపి, బండికి ఉన్న తాళంచెవి లాగేసింది. పిడికిలి బిగించి ఇంట్లోకి పరిగెత్తింది. ఎక్కడికి పోవాలో ఆలోచించుకోలేదు. తన గదిలోకి వెళ్ళి మూలన గోడకి ఆనుకుని నిలబడింది.

మాస్టారు వెనకే వచ్చాడు. బూట్ల చప్పుడు గదంతా నిండింది.

"ఇవ్వు."

"ఇవ్వను."

"జాయిస్, వీధంతా చూస్తున్నారమ్మా."

"చూస్తే చూడనీ నాన్నా. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కుద్ది. పక్కన లోయ. నువ్వే ఫోటో చూపించావు." ఆమెకి ఏడుపొస్తోంది, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నీ జేబులో చీటీ చదువు. అది వాక్యం కాదు. ఒక్కసారి చదువు."

ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. గుండీ మీద ఆగింది. బయట ఉమాకాంతం బండి హారన్ మోగింది, పొట్టిగా, రెండుసార్లు.

మాస్టారు ఆమె మణికట్టు పట్టుకుని, ఒక్కొక్క వేలూ విప్పాడు. నొప్పి పుట్టకుండా చాలా మెల్లగా విప్పి, తాళంచెవి తీసుకున్నాడు. దాని అంచు ఆమె అరచేతిలో ఎర్రగా దిగి ఉంది. ఆ గుర్తు ఆయన చూశాడు.

"ఏం కాదు తల్లీ" అన్నాడు. అది తనకి తాను చెప్పుకుంటున్నట్టుగా ఉంది. "ఏం కాదు."

"నాన్నా, నువ్వు అబద్ధం చెబుతున్నావు. నీకు తెలుసు."

ఆయన వెనక్కి నడిచి గుమ్మం దాటాడు. ఆమె వెంట పడబోయింది, చొక్కా అంచు అందింది, మళ్ళీ జారిపోయింది. ఆయన ఆమె ముఖంలోకి చూడకుండా తలుపు దగ్గరికి వేసి, బయట నుంచి గడియ పెట్టాడు.