రెండు గంటల అప్పగింత

దీవెన ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకి రెండు జతల తెల్లబట్టలు, ఒక జత బూట్లు, ఒక దెబ్బ ఇస్తారు. బట్టలూ బూట్లూ స్టోరు గుమాస్తా ఇస్తాడు. దెబ్బని మాత్రం హెడ్ నర్సు సలోమి స్వయంగా మోసుకొచ్చి చేతికిస్తుంది. అది మూరెడు స్టీలు ట్రేలో తెల్ల గుడ్డ కింద ఉంది. గుడ్డ కొంచెం పైకీ కిందకీ ఆడుతోంది.

కాలవ గట్టు మీది ఆ పెద్దాసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డుకి మంచి పేరు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఏ నర్సుకీ దెబ్బ తగల్లేదు. అలాగని కొట్టేవాళ్ళకి కరువేమీ లేదు. కొడుకు పోయాడని తండ్రి కొడతాడు, కత్తెర అందడం ఆలస్యమైందని సర్జన్ కొడతాడు, మత్తు దిగని తాగుబోతు మంచం మీంచే తంతాడు. ఏదీ ఒంటికి తగలదు. నర్సు వార్డులో ఉన్నా బయట ఉన్నా నేరుగా వెళ్ళి ట్రేలో పడుతుంది. డ్యూటీలో ఉన్న నర్సు దాన్ని పక్కన పెట్టుకుని పని చేసుకోవాలి, డ్యూటీ దిగేటప్పుడు రోగులతో పాటు దాన్నీ తర్వాతి నర్సుకి అప్పగించాలి. ఇచ్చే మనిషి "అంతా మామూలే" అంటుంది. పుచ్చుకునే మనిషి "తీసుకున్నాను" అని సంతకం పెడుతుంది.

ఒకటే కట్టుబాటు. గుడ్డ ఎత్తి చూడకూడదు. ఎవరు చూస్తే దెబ్బ వాళ్ళది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందమ్మా," అంటుంది సలోమి. "మోసినంత కాలం మోయి. దింపుకునే వేళకి ఎవరో ఒకరు రాకపోరు."

పంతొమ్మిదేళ్ళ కిందట కాంతామణి అనే నర్సు గుడ్డ అంచు బొటనవేలంత ఎత్తి చూసిందట. బొటనవేలంత సందులోంచి బొటనవేలంత దెబ్బే వచ్చింది. ఎడమ దవడ ఊడి మందుల బల్ల కింద పడింది. ఇప్పుడామె ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చుంటోంది, దవడ చేతిరుమాల్లో మూటకట్టి పక్కన పెట్టుకుని. పేరేంటని అడగాలంటే మూట విప్పి, దవడ పెట్టుకుని, అడిగి, మళ్ళీ మూట కడుతుంది. జీతంలో కోత మాత్రం లేదు.

నర్సింగు స్కూల్లో దీవెనకి చెప్పింది వేరు. మంచం మంచం దగ్గరికీ నడిచి, దుప్పటి ఎత్తి, కట్టు కింద చూసి, అప్పుడు డ్యూటీ తీసుకోమన్నారు. ఆ సంగతి ఆమెకి గుర్తుంది కూడా. కానీ కొత్త ఉద్యోగం, ఎదురుగా హెడ్ నర్సు, పక్కన దవడ కథ. ఏ ఎండకా గొడుగు పట్టాలి కదా. సంతకం పెట్టేస్తుంది.

ఆ రోజే పదకొండింటికి నాలుగో మంచం మీది కుర్రాడు చనిపోతాడు. వాడి అన్న దీవెన దగ్గరికి వచ్చి, సెలైను ఎక్కించింది నువ్వేనా అని నెమ్మదిగా అడుగుతాడు. నేనే అంటుంది. అతను సెలైను స్టాండు పీకి ఆమె నెత్తి మీద కొడతాడు. స్టాండు వంగుతుంది. తిప్పి పట్టుకుని ముఖం మీద కొడతాడు, తర్వాత మెడ మీద, తర్వాత అలిసిపోయేదాకా ఎక్కడపడితే అక్కడ. దీవెన కదలకుండా నిలబడి ఉంది. కొట్టినప్పుడల్లా ట్రే ఖంగుమంటోంది. అతను నేల మీద కూలబడి ఏడుస్తుంటే ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది.

రెండు గంటలకి మధ్యాహ్నం డ్యూటీ నర్సు వస్తుంది. దీవెన ట్రే ఇచ్చి, అంతా మామూలే అంటుంది. ఉద్యోగం ఇంత తేలికా అనుకుంటూ ఇంటికి వెళ్తుంది.

మూడో ఏట ఆమె గర్భవతి. ఏడో నెలలో, తొమ్మిదో మంచం మీది తాగుబోతు కాలు జాడించి ఆమె పొట్టలో తంతాడు. మడమ దాకా దిగిన కాలు నీళ్ళలోంచి తీసినట్టు వెనక్కి వస్తుంది. పొట్ట ఎప్పట్లాగే ఉంది. దీవెన మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంటుంది. ట్రేకి కూడా దండం పెడుతుంది.

ఆ వారమే డాక్టరమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి నవ్వుతుంది. బిడ్డ గుర్రంలా తంతోంది, రాత్రిళ్ళు నిద్ర పట్టనిస్తోందా అని అడుగుతుంది. దీవెనకి ఏమీ తెలియదు. ఏడు నెలల్లో ఒక్క కదలికా తెలియలేదు. వార్డుకి వచ్చి ట్రే దగ్గర చెవి పెడుతుంది. ఇనుపచప్పుళ్ళ అడుగున ఎక్కడో మెత్తగా, తలుపు మీద చిన్నపిల్ల తట్టినట్టు వినిపిస్తోంది. ఆమె చెయ్యి గుడ్డ దాకా వెళ్తుంది. దవడ గుర్తొచ్చి ఆగుతుంది. ఆ రోజు దీవెన ఏడుస్తుంది. ఏడుస్తున్నానని కాలరు తడిశాక తెలుస్తుంది.

బిడ్డ పుడుతుంది. నొప్పులు ట్రేకి వస్తాయి. ఆడపిల్లకి కెజియా అని పేరు పెట్టుకుంటుంది.

పదకొండో ఏట సలోమి రిటైరవుతుంది. సన్మానం చేసి దండ వేస్తే, దండ వేశారా అని అడుగుతుంది. గేటు దాటగానే లారీ గుద్దుతుంది. లారీ ముందు భాగం లోపలికి నొక్కుకుపోతుంది, డ్రైవరు అద్దంలోంచి బయట పడతాడు. సలోమి చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోతుంది. వార్డులో ట్రే రెండుగా విచ్చుకుంటుంది. దెబ్బ ఇక ట్రేలో పట్టదు. దాన్ని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. అది పదకొండో మంచం. ఆ మంచానికి చోటిస్తూ వార్డు ఓ నాలుగడుగులు సాగుతుంది. కేస్ షీట్ మీద పేరు రాయాల్సిన చోట కొత్త హెడ్ నర్సు దీవెన "మామూలు" అని రాస్తుంది.

హెడ్ నర్సుగా ఆమెకి ఢోకా లేదు. ఊళ్ళో బస్సు కాలవలో పడిన రోజు తమవాళ్ళు బతకలేదని నాలుగు వందల మంది ఇటుకలతో వార్డులోకి వస్తారు. అద్దాలు పగులుతాయి, ఫ్యాన్లు ఊడిపడతాయి, ఒక సర్జన్ని కిటికీ ఊచకి వేలాడదీస్తారు. నర్సులు ఇటుకల వానలో తిరుగుతూ కుట్లు వేస్తారు. తెల్లబట్టల మీద మరక కూడా పడదు. పదకొండో మంచం ఆ సాయంత్రానికి మూడు మంచాలంత అవుతుంది. పై నుంచి మెచ్చుకోలు ఉత్తరం వస్తుంది.

ఇంట్లో దీవెన కూతురికి నర్సు పని నేర్పుతుంది. దిండుని రోగిని చేసి, దుప్పటి కప్పి, రోజూ సాయంత్రం అప్పగింత ఆట ఆడిస్తుంది. "చూడకుండా డ్యూటీ తీసుకోకూడదు. దుప్పటి ఎత్తు. కట్టు కింద చూడు. నీ కళ్ళతో చూశాకే సంతకం." కెజియా వెయ్యిసార్లు అప్పజెబుతుంది. తను ఒక్కరోజూ చెయ్యని పనిని కూతురికి అంత శ్రద్ధగా ఎందుకు నేర్పుతోందో దీవెన ఆలోచించదు. తనకి దక్కని మంచితనం పిల్లకైనా దక్కాలన్న ఆశ కాబోలు. తల్లులకి ఇలాంటి ఆశలు ఎక్కువ, ముందుచూపు తక్కువ.

కెజియా నర్సింగులో జిల్లా మొదటి ర్యాంకు తెచ్చుకుంటుంది. పోస్టింగు మగవాళ్ళ సర్జికల్ వార్డుకి ఇస్తారు. మధ్యాహ్నం డ్యూటీ. అదే రోజు దీవెనకి నర్సింగ్ సూపరింటెండెంటుగా ప్రమోషన్ ఆర్డరు వస్తుంది. కాగితం బల్ల మీద ఉంది. వార్డుని రెండు గంటలకల్లా అప్పగించి, పుచ్చుకున్నవాళ్ళ సంతకం తీసుకుంటే చాలు.

రెండింటికి పది నిమిషాలుండగా కెజియా వస్తుంది. కొత్త బూట్లు కిర్రుమంటున్నాయి. మొదటి మంచం దుప్పటి ఎత్తి చూస్తుంది, గాయం చూస్తుంది, రాసుకుంటుంది. రెండో మంచం. మూడో మంచం. దీవెన వెనకాలే నడుస్తోంది. కూతురు పని చేసే తీరు చూసి ఆమెకి గర్వంగా ఉంది. ఏడో మంచం దగ్గర గర్వం పోయి భయం పట్టుకుంటుంది.

పదో మంచం అయ్యాక దీవెన అడ్డం నిలబడుతుంది. అక్కడ ఏమీ లేదు, అంతా మామూలే, సంతకం పెట్టెయ్యమంటుంది.

"చూడకుండా పెట్టను మేడమ్."

"హెడ్ నర్సుగా చెప్పట్లేదే. అమ్మగా చెప్తున్నాను."

"చూడకుండా పెట్టొద్దన్నది అమ్మేగా."

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే. దీవెన కాంతామణి దవడ సంగతి చెబుతుంది. కెజియా శ్రద్ధగా విని, మరి దుప్పటి కింద ఉన్నది ఎవరిదని అడుగుతుంది. ఎవరిదీ కాదంటుంది దీవెన. ఎవరిదీ కాని రోగి ఉండడు కదా అని, కెజియా వంగి దుప్పటి కొస పట్టుకుంటుంది.

దీవెన ఆ పిల్ల చేతిని విదిల్చి, దుప్పటిని తనే లాగి పారేస్తుంది. రెండు కళ్ళూ తెరిచి చూస్తుంది.

మొదట పాతవి వస్తాయి. ఆమె ఉద్యోగంలో చేరకముందటివి, పేరు తెలియని నర్సులవి. చెంపదెబ్బలు, బూటుకాళ్ళు, జుట్టు పట్టి గోడకి కొట్టినవి. తర్వాత సెలైను స్టాండు వస్తుంది. నుదురు రెండుగా విడుతుంది. రెండో దెబ్బకి ముక్కు, మూడోదానికి మెడ. సర్జన్ కత్తెరలు ఇరవై మూడు వరసగా వచ్చి కుడిచేతిలో దిగుతాయి. లారీ వస్తుంది, హారను మోగించుకుంటూనే వస్తుంది. ఆ తర్వాత నాలుగు వందల మంది ఇటుకలు. ఒక్కో ఇటుకా తన వంతు వచ్చేదాకా గాలిలో ఆగి మరీ పడుతోంది.

ఇన్ని దెబ్బలకి ఒక ఒళ్ళు చాలదు. అందుకని దీవెన పొడుగవుతుంది. పదకొండో మంచం దాటి ఖాళీగా ఉన్న పన్నెండో మంచం మీదికి, అక్కడి నుంచి పదిహేను మీదికి సాగుతుంది. కెజియా మంచాలు జరిపి కలుపుతూ, రక్తం తుడుస్తూ, ఏ దెబ్బ ఎన్ని గంటలకి పడిందో రాసుకుంటూ ఉంది. ఆమె కళ్ళు ధారలు కడుతున్నాయి. బల్ల మీది ఆర్డరు కాగితం తనంతట తనే నాలుగు మడతలు పడి, కిటికీలోంచి పక్క వార్డు హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళిపోతుంది.

నాలుగు గంటలకి దెబ్బలు ఆగుతాయి. అప్పుడే చూడ్డానికి వచ్చేవాళ్ళ గంట కొడతారు.

గేటు దగ్గర కాలవ వంతెన దాకా వరస ఉంది. కొట్టినవాళ్ళందరూ వచ్చారు. ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. చేతుల్లో రొట్టె ప్యాకెట్లు, బత్తాయిలు, ఫ్లాస్కులు ఉన్నాయి. నాలుగో మంచం కుర్రాడి అన్న అందరికంటే ముందు వస్తాడు. తల నెరిసిపోయింది. తిన్నగా దీవెన నుదుటి దగ్గరికి వెళ్ళి నిలబడతాడు.

"ఇది నాదేనమ్మా," అంటాడు కెజియాతో. "ఎట్టా ఉంది ఇప్పుడు?"

"కుట్లు వేశాను. కూర్చోండి, మాట్లాడించకండి."

ఒక గాయానికి ఒకరే ఉండాలని కెజియా చీటీలు రాసి ఇస్తుంది. చీటీ లేదని డ్యూటీ సర్జన్ని కూడా బయట నిలబెడుతుంది. తొమ్మిదో మంచం తాగుబోతు పొట్ట దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. లారీ డ్రైవరు పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూసుకుని, తలపట్టుకుంటాడు. అయిదింటికల్లా ప్రతి గాయం పక్కనా ఒక స్టూలు, స్టూలు మీద ఒక మనిషి. వార్డంతా బత్తాయి తొక్కల వాసన.

ఒక గాయం మిగిలిపోతుంది. ఎడమ మణికట్టు మీద, అన్నిటికంటే చిన్నది. కెజియా గుమ్మం దాకా వెళ్ళి, దీని తాలూకు ఎవరని పిలుస్తుంది. ఎవరూ పలకరు. తిరిగొచ్చి దీపం కింద పెట్టి చూస్తుంది. పైన నాలుగు, కింద నాలుగు చుక్కలు. పంటిగాట్లు.

కెజియాకి అయిదేళ్ళప్పటి సంగతి. అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. వెనకనుంచి హత్తుకుంటే పలకలేదు. గిల్లితే తిరగలేదు. చెయ్యి లాక్కుని రక్తం వచ్చేదాకా కొరికింది. అమ్మ రెండో చేత్తో చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. ఆ రోజు తర్వాత కెజియా అమ్మని కొరకలేదు, ముట్టుకోనూ లేదు.

ఆమె తన పేరే చీటీ మీద రాసుకుంటుంది. స్టూలు లాక్కుని మణికట్టు పక్కన కూర్చుంటుంది. దీవెన అయిదు మంచాల పొడవునా కళ్ళు తిప్పి కూతురి కోసం వెతుకుతుంది.

"నువ్వేనా?" అంటుంది. "చాలా నొప్పిగా ఉందే."

కెజియా ఏదో చెప్పబోతుంది. నోటి నిండా పళ్ళు కదులుతున్నాయి. చిన్నచిన్న పాలపళ్ళు, అయిదేళ్ళప్పుడు కొరికినవి. ఒకటి రాలి తల్లి అరచేతిలో పడుతుంది. దీవెన "అబ్బా" అంటుంది. ఇంకోటి పడుతుంది. మళ్ళీ "అబ్బా" అంటుంది. స్టూళ్ళ మీద వాళ్ళంతా వంగి చూస్తున్నారు. దీవెన చెయ్యి ఇంకొంచెం చాపుతుంది.