అంత మాట

తర్లుపాడుకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో కాశిరెడ్డి నోటి నుంచి ఊడిపడ్డ మాట మర్నాటికల్లా గొర్రెల మందల దాకా పోయేది. పొలం ఆయనకు తాత ఇచ్చింది, బావులు తండ్రి తవ్వించినవి. నోరొక్కటే స్వార్జితం.

వానలు మొహం చాటేసిన ఏడు, బోర్డు బడి అయ్యవారు బ్రహ్మం ఒక పని చేశాడు. మాదిగపల్లె పిల్లల్ని వసారాలోంచి లోపలికి పిలిచి అందరి వరుసలోనే కూర్చోబెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. పల్లె ఆడవాళ్ళు మైలున్నర నడిచి వాగులో చెలమలు తోడుకుంటున్నారనీ, ఊరి బావిలో వాళ్ళనూ చేదుకోనివ్వాలనీ నలుగురిలో నోరు విప్పాడు. బావి దగ్గరికి ఎవరూ రానియ్యలేదు గానీ, ఆ సంగతి పత్రికకెక్కింది. బ్రహ్మం పేరు ముందు 'సంఘసంస్కర్త' అని అచ్చయింది.

కరణం పత్రిక చదివి వినిపిస్తుంటే ఎవరో అడిగారు.

"సంస్కర్తంటే ఏంది రెడ్డీ?"

కాశిరెడ్డి నోట్లో తమలపాకు పక్కకు తోసుకున్నాడు. "ఏముంది? కట్టు తెంపుకోని ఊరి చేలన్నీ మేసే గొడ్డుంటది సూడు, అది మనిషై పుడితే సంస్కర్త."

జనం పడీపడీ నవ్వారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి. పాలివ్వకుండా తన్నే బర్రె సంస్కర్త. మొగుడితో పోట్లాడి పుట్టింటికి పోయిన కోడలు సంస్కర్త. బేస్తవారిపేట సంతలో ఒకడు ముసలి ఎద్దుకు కొమ్ములు చెక్కి వయసుదని అమ్మజూపితే, "నేనేమన్నా సంస్కర్త మాదిరి కనపడతాండానా?" అని కొనేవాడు కలబడ్డాడు. చివరికి మాదిగపల్లెలో కూడా పిల్లలు ఆ మాట అంటే తల్లులు మూతి మీద ఒకటి ఇచ్చేవాళ్ళు. అది ఎవరి మీద పుట్టిన మాటో వాళ్ళకు తెలియదు. బ్రహ్మాన్ని వాళ్ళు 'మా అయ్యోరు' అనేవాళ్ళు.

ఒకరోజు ఎవరో బడి తలుపు మీద ఆ మాట సుద్దతో రాశారు. బ్రహ్మం ఆగి చూసి, తప్పిపోయిన త ఒత్తు దిద్ది లోపలికి పోయాడు.

పంతొమ్మిది వందల ముప్పై ఐదులో చక్రవర్తి జూబిలీ వచ్చింది. మార్కాపురం తాలూకా కచేరీలో బంట్రోతుల మీద డఫేదారుగా ఉన్న హజరత్ వలి, కాశిరెడ్డికి పాత స్నేహితుడు, ఎండలో పడి వచ్చి మజ్జిగ తాగి చల్లగా చెప్పాడు.

"రెడ్డిగారూ, రావు సాహెబు బిరుదుకు ఈ తట్టు నుంచి ఒక పేరు పంపాలంట. మీ పేరూ అనుకుంటా ఉండారు."

కాశిరెడ్డి కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. గిద్దలూరులో ఆయన దాయాదికి తుపాకి లైసెన్సు వచ్చినప్పటి నుంచి ఆయనకు సరిగా నిద్ర లేదు.

"అయితే ఒక్కటే చిక్కు," అన్నాడు వలి. "ఈతూరి సంస్కర్తలకే ఇస్తారంట."

"థూ, ఏం మాటయ్యా అది! లోపల ఆడోళ్ళుండారు!"

"మదరాసులో అది మంచి మాటేనంట. పల్లె జనానికి మేలు చేసినోళ్ళని అట్ల అంటారంట. వచ్చే నెల సబ్ కలెక్టరు దొర వచ్చి సూస్తాడు."

కాశిరెడ్డి రెండు రోజులు మథనపడి, మూడోరోజు తలపాగా సర్దుకుని బడికి పోయాడు. ఆయన బడి గడప తొక్కడం అదే మొదలు.

"అయ్యోరూ, సంస్కర్త కావాలంటే ఏం చెయ్యాల?"

బ్రహ్మం నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది కాశిరెడ్డికి.

"మీ తూర్పు బావి పల్లెకు దగ్గిర గదా రెడ్డిగారూ. వాళ్ళని చేదుకోనివ్వండి. కచేరీకి అర్జీ నేను రాస్తాను."

"ఎన్నాళ్ళు?"

"దొర వచ్చి పోయేదాకా అని మీరు అనుకోండి."

మర్నాడు పొద్దున తూర్పు బావి దగ్గర పల్లె అంతా గుమిగూడింది. నమ్మకం కుదరక అందరూ దూరంగానే నిలబడ్డారు. పెద్దదని ఓబులమ్మను ముందుకు తోశారు. ఆమె వెనక్కి చూసుకుంటూ మొదటి కడవ నింపింది, తర్వాత ఒక్కసారి నవ్వులూ కేకలూ లేచాయి. కాశిరెడ్డిని చూసి దండాలు పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. చూసి నవ్వినవాళ్ళు మాత్రం అంతకుముందు లేరు. ఆయనకది బాగానే ఉంది. ఎందుకు బాగుందో ఆలోచించలేదు.

దొర రానే వచ్చాడు. మునిషీ దగ్గర నేర్చుకున్న గ్రాంథికం ఆయనది. బావి చూసి సంతోషపడి, కడవతో నిలబడ్డ ఓబులమ్మను పలకరించాడు.

"అమ్మా, ఈ రెడ్డిగారు గొప్ప సంఘసంస్కర్త యని వింటిని. నిజమేనా?"

ఓబులమ్మ కడవ దించేసింది.

"ఎవురు సామీ ఆ మాటన్యది? వాళ్ళ నాలిక పడిపోను! మాకు నీళ్ళిచ్చిన ధర్మప్రభువు ఆయన. ఆయన్ని పట్టుకోని అంత మాట అంటారా?"

దొర బిత్తరపోయి పక్కన ఉన్న పాలేరు నాగులు వైపు తిరిగాడు. నాగులు రొమ్ము విరిచాడు. "రెడ్డి వంశంలో ఏడు తరాల్లో సంస్కర్త పుట్టలేదు దొరా. అగ్గి పట్టుకోని చెప్పమన్నా చెప్తా."

"అబద్ధం దొరా! గిట్టనోళ్ళు పుట్టించినారు!" అని పల్లె పల్లెంతా ఎత్తుకుంది.

కాశిరెడ్డి కళ్ళతో సైగ చేశాడు, దగ్గాడు. ఇక లాభం లేదని గొంతు పెంచాడు.

"వీళ్ళకు తెల్దు దొరా. నేను సంస్కర్తనే!"

ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. నాగులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ నోట ఈ మాట ఏ పాపిష్టోడు పలికిస్తాండాడయ్యా?" అన్నాడు.

దొర కనుబొమలు ముడిచాడు. "ఈ పదమునకు ఇచ్చట వేరొక అర్థము కలదా? ఎవరు కల్పించిరి?"

కాశిరెడ్డి బావి గట్టు దగ్గర నిలబడ్డ బ్రహ్మం వైపు చూశాడు. అయ్యవారు ఒక్క మాట అంటే చాలు, బిరుదుతో పాటు పరువూ పోతుంది. బ్రహ్మం కాసేపు బావిలోకి చూసి, "జనం నోళ్ళలో పడి అట్ల అయింది దొరా," అన్నాడు.

దొర ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. తన్ను తానే పొగుడుకుని ఊరందరి చేతా కాదనిపించుకున్న మనిషి పేరు ఆయన పైకి పంపలేదు. బిరుదు గిద్దలూరు వైపు, తేరు చక్రాలకు ఇనుప పట్టాలు వేయించిన ఒక వర్తకుడికి పోయింది. కాశిరెడ్డికి కచేరీ నుంచి ఒక కాగితం మాత్రం వచ్చింది. తూర్పు బావి అన్ని కులాలవారూ వాడుకుంటున్నదిగా రిజిస్టరులో ఎక్కిందనీ, అడ్డుపెడితే సంజాయిషీ ఇవ్వాలనీ దాని సారాంశం.

"కాగితానికేం, ముళ్ళకంప కొట్టిచ్చు," అంది భార్య లక్ష్మీదేవమ్మ. ఆయనకూ అదే కోపం. ఆ సాయంత్రమే బావి దగ్గరికి పోయాడు. ఓబులమ్మ ఇంకో ఇద్దరితో నీళ్ళు చేదుతోంది. ఆయన నోరు తెరిచేలోపే ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"దొర నిన్నంత మాటన్యాడని మా పల్లెలో మూడు దినాలు కూడు సయించలేదు నాయనా. నువ్వు మనసులో పెట్టుకోవాకు."

కాశిరెడ్డికి కోపం ఎటు తిప్పాలో తెలియలేదు. "అది చెడ్డ మాటని మీకెవురు చెప్పినారే?"

"మాకేం తెల్సు? పెద్దోళ్ళు అంటాంటే ఇన్నాం. పెద్దోళ్ళు ఊరికే అనరు గదా."

కాశిరెడ్డి చేంతాడు వైపు చూశాడు. అది మధ్యలో పీలికలు లేచి ఉంది.

"ఆ తాడు తెగి సస్తారు ఎవురో ఒకరు. నాగులుతో కొత్తది పంపిస్తా," అని విసుక్కుని వెనక్కి తిరిగాడు.

పది అడుగులు వేశాడో లేదో, వెనక ఓబులమ్మ మిగతావాళ్ళతో అంటున్న మాట వినపడింది.

"ఎంత మంచోడే మన రెడ్డి! ఇంకెవురన్నా ఆయన్ని సంస్కర్తంటే మాత్రం ఊరుకోవాకండి."

కాశిరెడ్డి నడక కాస్త తొందర చేశాడు.