ఎనిమిదో తరగతి సైన్సు సారు

విద్యాధికారి కారు మెయిన్ రోడ్డు దిగిందని ఫోన్ రాగానే మస్తానయ్య సుద్దముక్క బల్ల మీద పడేసి క్లాసులోంచి బయటికి పరుగెత్తాడు.

చిట్టమూరు దాటాక సరస్సు వైపు వెళ్ళే దారిలో ఉందా ప్రైవేటు స్కూలు. అతను అక్కడ ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాడు. రెండేళ్ళ కిందటిదాకా అదే స్కూలు బస్సు నడిపేవాడు. తండ్రి పోవడంతో బీయస్సీ సగంలో వదిలేసి స్టీరింగు పట్టుకున్న మనిషి. సైన్సు మాస్టరు ఉన్నట్టుండి మానేస్తే, బస్సులో పిల్లల సందేహాలు తీర్చే ఈ డ్రైవర్నే కరెస్పాండెంట్ జయరామయ్య క్లాసులో నిలబెట్టాడు. "డిగ్రీ మెల్లిగా కట్టుకోవచ్చులే" అన్నాడు. మస్తానయ్యా అలాగే అనుకున్నాడు. పిల్లలు సార్ అని పిలుస్తుంటే ఆ డిగ్రీ సంగతే మరిచిపోయాడు.

వరండాలో జయరామయ్య ఖాకీ చొక్కాతో ఎదురొచ్చాడు.

"తొడుక్కో అబ్బయా. ఈ పూటకి నువ్వు డ్రైవరువి. క్లాసులో షారన్ మేడం ఉంటుంది. ఆమెకి బీఈడీ ఉండాది."

"పిల్లోళ్ళు?"

"నిన్ననే చెప్పిపెట్టినా. సైన్సు ఎవరు చెప్తారంటే షారన్ మేడం అంటారు. నువ్వు దొరికితే స్కూలుకి నోటీసు, నీకు మళ్ళా స్టీరింగు. చూసుకో మరి."

మస్తానయ్య చొక్కా మార్చుకుని బస్సు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. క్లాసు కిటికీ పక్కనే ఉంది. అధికారి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"శ్రీహరికోటలో రాకెట్టు వదిలేది మీరంతా చూస్తారు గదా. అది పైకెట్లా పోతుంది?"

ఉష లేచింది. సరస్సులో చేపలు పట్టే ఇంటి పిల్ల.

"మా నాయన గెడకర్రతో సరస్సు అడుగుని వెనక్కి నెడితే పడవ ముందుకి పోతాది సార్. రాకెట్టు పొగని కిందకి నెడతాది. ఆ పొగ రాకెట్టుని పైకి నెడతాది."

"భలే చెప్పావమ్మా! షారన్ మేడం చెప్పారా?"

"కాదు సార్. మస్తానయ్య సారు."

మస్తానయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఉష నిన్న బడికి రాలేదు! అమ్మమ్మకి జ్వరమని ఇంట్లో ఉండిపోయింది. ఏం చెప్పాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

"ఆయనెక్కడున్నారు?"

"అదో సార్, బస్సు కాడ."

పిలిపించారు. మస్తానయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అధికారి అతని ఖాకీ చొక్కా వైపు చూశాడు, అయినా మర్యాదగానే అడిగాడు.

"సైన్సు చెప్పేది మీరేనా?"

"నేను డ్రైవర్ని సార్."

"మరి ఈ పాప..."

జయరామయ్య మధ్యలో దూరాడు. "దానికి లేనిపోనివి చెప్పడం అలవాటు సార్. కావాలంటే వీడినే అడగండి, రోజూ బస్సులో తెచ్చేది వీడే గదా."

"నిజమేనా?" అన్నాడు అధికారి.

ఉష ఇంకా నిలబడే ఉంది. సారు వచ్చేశాడు, ఇక తన మాట నిలబడుతుందన్న ధీమాతో నవ్వుతోంది.

"నిజమే సార్" అన్నాడు మస్తానయ్య.

"అబద్ధాలు చెప్పకూడదమ్మా. కూర్చో."

ఉష కూర్చుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కారు వెళ్ళిపోయింది. జయరామయ్య అతని భుజం తట్టాడు. "గట్టెక్కించినావు నాయనా! ఇంక నీ క్లాసు నీదే, పో."

మస్తానయ్య కదల్లేదు. నేనే సార్ అని ఉంటే పోయేది ఈ మాస్టరు ఉద్యోగమే. ఆ ముక్క ఇప్పుడు తడుతోంది, కారు మలుపు తిరిగిపోయాక.

చొక్కా మార్చుకుని వెళ్ళేసరికి పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఉషా లేచింది. ఏడ్చి ఉంటుందనుకున్నాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. వరండాలోకి పిలిచాడు.

"ఉషా, ఇందాక నేను..."

"తప్పు నాదే సార్" అంది గబగబా. "నిన్న వచ్చుంటే నాకూ తెలిసుండేది. ఈసారి ఆ సారు వస్తే చూడండి, నేనే అందరికన్నా బాగా చెప్తా. ఆయనకి అనుమానమే రాదు."

ఏ పాఠమైనా ఒక్కసారి చెబితే పట్టేసే పిల్ల.

"పో, పోయి కూర్చో" అన్నాడు మస్తానయ్య.