చిన్న ట్రాక్టరు, పెద్ద బ్లోయరు

మహారాష్ట్రలో తాస్‌గావ్ పక్కన మా ఊళ్లో ద్రాక్షతోటలు ఉన్నవాళ్లందరివీ చిన్న ట్రాక్టర్లే. పందిరి కింద దూరాలి కదా. సర్జేరావుది మరీ చిన్నది, పద్దెనిమిది హెచ్‌పీ. ఎక్కువగా నడిపేది అతని భార్య ఇందుబాయి. మందు కొట్టడానికి దాని వెనకే ఎత్తి బిగించిన రెండువందల లీటర్ల బ్లోయరు, అంటే పంకా గాలితో మందు చిమ్మే యంత్రం, ఉండేది. తోటంతా కొట్టాలంటే మాటిమాటికీ బావి దగ్గరికొచ్చి నింపుకోవాలి. నిరుడు అలా నింపుకుంటుండగానే వాన పడి, చివరి వరసలకు బూజు తెగులు తగిలింది. ఆ దెబ్బ సర్జేరావు మనసులోంచి పోలేదు.

ఈ ఏడు అతని చెల్లెలి భర్త పోపట్ ద్రాక్ష తీసేసి దానిమ్మ పెట్టాడు. అతని ఆరువందల లీటర్ల బ్లోయరు, సొంత చక్రాలున్నది, వెనక తగిలించి లాగేది, ఊరికే పడి ఉంది. చిన్నది తనకిచ్చి దాన్ని తీసుకుపొమ్మన్నాడు.

"నా బండి లాగుతుందంటావా, దాజీ?" అని సర్జేరావు అడిగాడు. మా వైపు చెల్లెలి భర్తను దాజీ అంటారు, అతను భార్య తరఫు వాళ్లను పావుణే అంటాడు.

"నాది ఇరవై ఎనిమిది హెచ్‌పీ, లాగేది. నీది కాస్త ముక్కుతుంది పావుణే, అంతే. నడుం నొప్పని నువ్వు పని మానేస్తున్నావా?"

తెచ్చిన రోజే ఇందుబాయి సగం నీళ్లు పోసి బాట మీద నడిపి చూసింది. పంకా తిరగడం మొదలవగానే ఇంజను గొంతు బొంగురుపోయింది.

"ఏవండీ, దీని బలమంతా పంకాకే సరిపోతోంది. ఇంక లాగడానికేం మిగుల్తుంది?"

"లాగింది కదా."

"గట్టి నేల కాబట్టి లాగింది. నీళ్లు చూశారా, పందిరి పైకి ఎక్కట్లేదు."

"సగమే నింపుకుని మెల్లిగా పోదాం. నీకు అన్నిటికీ భయమే."

"భయం నాక్కాదు, దీనికి," అని ఆమె వేడెక్కిన బానెట్ మీద చెయ్యేసింది. సర్జేరావు వినలేదు. చిన్న బ్లోయరు పోపట్ ఇంటికి వెళ్లిపోయింది.

సరిగ్గా పూత విచ్చుకునే వేళకు ముసురు పట్టింది. వాన తెరిపిచ్చిన పొద్దున ఆకుల మీద నూనె చుక్కల్లాంటి పసుపు మచ్చలు కనిపించాయి, నిరుటి తెగులే. ఆ పూట మందు పడకపోతే తోట దక్కదు. సర్జేరావు పోపట్‌కు ఫోన్ చేశాడు.

"చిన్నది కావాలి, దాజీ."

"దాంతోనే దానిమ్మకు కొడుతున్నా పావుణే. ఇక్కడా అదే వాన. రేప్పొద్దున్నే నేనే తెస్తా."

రేపటిదాకా ఆగితే కుదరదు. పెద్ద బ్లోయరే తగిలించారు. మందు పైదాకా అందకుండానే బాట పక్క వరస ఎలాగో అయింది. లోపలికి దిగేసరికి నల్లరేగడి చక్రాలను పట్టేసింది. బండి లాగబోతే పంకా మందగించేది. మందు పొగమంచులా లేవకుండా ధారలు కట్టి కిందకు కారేది. ఇందుబాయి ఇంజను పెంచింది. నల్లటి పొగ వచ్చింది. చక్రాలు ఉన్నచోటే తిరిగి తిరిగి దిగబడ్డాయి. బరువు తగ్గించాలని సర్జేరావు కుళాయి తిప్పి మందంతా నేలపాలు చేశాడు. ఆమె మళ్లీ క్లచ్ వదిలింది. క్లచ్ మాడిన వాసన వచ్చింది. ఇంజను మోగుతూనే ఉంది గానీ బండి కదల్లేదు.

ఊళ్లో ప్రతి ట్రాక్టరూ ఎవరి తోటలో వాళ్లకు నడుస్తోంది. భార్యాభర్తలు వీపుకు చేతిపంపులు తగిలించుకుని కొట్టారు. రెండు వరసలు అయ్యేసరికి మళ్లీ వాన దిగింది.

మర్నాడు పోపట్ వానలో తడుస్తూ చిన్నది తెచ్చాడు. సర్జేరావు బండి నడిచేలా లేదు, ఆ వానలో పోపట్ బండితోనూ మందు కొట్టలేరు.

"నీకు అంటగట్టింది నేనే, పావుణే."

"నా బండి సంగతి నాకు తెలియదా, దాజీ. లోపలికి రా, చాయ్ తాగు."

వారం తిరిగేసరికి పూగుత్తులు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోయాయి. సర్జేరావు ప్రతి వరసలోనూ నడిచి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పావు."

"చెప్పాను," అంది ఇందుబాయి. "చెప్పి, ఎక్కి నడిపిందీ నేనే."

చేతిపంపుతో కొట్టిన రెండు వరసలే కాశాయి. ఆ పళ్లను ఆమె ఎండబెట్టి కిస్‌మిస్ చేసింది. ఊరంతా కోతల్లో ఉండగా వాళ్ల పందిరి మీద ఆకులు మాత్రం ఊగాయి. తీగలు ముదిరినవి, రెండేళ్లు వరసగా దెబ్బతిన్నవి. ఇంకో ఏడు నిలబెట్టే ఓపిక అతనిలో లేదు. ఎండాకాలంలో మొదళ్లు నరికించాడు. పందిరి ఇనపతీగ చుట్టడానికి వాళ్లిద్దరితో పాటు నేనూ వెళ్లాను.

"ఇక ఇక్కడ ఏం వేస్తావు, సర్జేరావ్?" అని అడిగాను.

"ఏదో ఒకటి," అన్నాడు. తీగ చుట్ట కిందకు దింపి, "మందు అక్కర్లేనిది ఏదైనా ఉంటే చెప్పు," అన్నాడు. నేను ఆ చుట్ట అందుకున్నాను. తీగ చుట్టడం అయ్యాక ముగ్గురం ఆ ఖాళీ నేల దాటి ఇంటిదారి పట్టాం.