గేటు దగ్గర వాటం

మగ్గు వంచి, మేడ వాకిట్లో నిన్న తను వేసిన గచ్చు మీద నీళ్లు పోశాడు మామ. పోసి, మోకాళ్లు పటపటమంటుంటే గొంతుక్కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఏ గచ్చు వేసినా మర్నాడు పొద్దున్నే ఇదే పని. నీళ్లు నేల వాటం చూసుకుని పోతాయి, మనం చెప్పినట్టు కాదు అంటాడు, అందుకే ఆయన వాటం మామ అయిపోయాడు. ఓసారి కూతురు కొత్తింట్లో మంచినీళ్లిస్తే తాగకుండా నేల మీద పోసి చూశాడట, అల్లుడు ఇప్పటికీ ఆ మాటెత్తుతాడు.

నీళ్లు కాసేపు ఆగాయి. మూలనున్న ఇనుప జాలీ వైపు వెళ్లాలి, అక్కణ్ణుంచి గొట్టంలోకి, గొట్టంలోంచి వీధి కింద వాన కాలువలోకి. వెళ్లలేదు. గేటు వైపు తిరిగాయి. గేటు బయట, రోడ్డుకి రెండు మెట్లు కిందికి, ఇస్త్రీ అమ్మాయి గది. పోయిన వానకి అందరి బట్టలూ మురికి నీళ్లలో తేలాయి. ఇంకోసారైతే నాకు బట్టలిచ్చేవాళ్లుండరు బాబాయ్ అంది.

“ఎండిపోయిందిగా మామా, వదిలెయ్,” అన్నాడు సూపర్‌వైజర్. “కంటికి బానే ఉంది.”

“కంటికి బానే ఉంటుంది బాబూ. ఇంత మేడ కప్పు మీది నీళ్లన్నీ ఇక్కడికే దూకుతాయి. అప్పుడు నీ కన్ను అడ్డం పెడతావా?”

సూపర్‌వైజర్ నవ్వేశాడు. “మధ్యాహ్నం లోపు కానివ్వు. సాయంత్రం వానట.”

గేటు దగ్గర గచ్చుని ఉలితో గరుకు చేసి, మీద ఎత్తుగా కొత్త పూత వేశాడు. తాపీ తిప్పుతుంటే గుర్తొచ్చింది, ఒకప్పుడిదంతా మట్టే. పడ్డ వాన పడ్డట్టే నేల తాగేసేది. మిగిలింది గుంటల్లో నిలిస్తే, ఆయన భార్య ఆయన భుజం పట్టుకుని దాటేది, దాటేశాక కూడా వదిలేది కాదు. ఆవిడ పోయింది. ఆ గుంటలన్నీ తనే కప్పేశాడు, ఇంటింటికీ, వీధివీధికీ, ఈ చేత్తోనే.

సాయంత్రం కుండపోత. కప్పు మీంచి దిగే గొట్టాలు భళ్లున కక్కాయి. నీళ్లు గేటు దాకా వచ్చి, పూత దగ్గర తడబడి, వెనక్కి తిరిగి జాలీలోకి గుడగుడా దిగాయి. మేడ మెట్ల కింద గోడకానుకుని అదే చూస్తున్నాడు మామ. ఇస్త్రీ అమ్మాయి తల మీద గోనెసంచితో పరిగెత్తుకొచ్చి టీ గ్లాసు పక్కన పెట్టింది.

“చుక్క రాలేదు బాబాయ్. గడప కూడా తడవలేదు.”

“వాటం,” అన్నాడు మామ, అంతే.

ఇస్త్రీ పెట్టె స్విచ్చి కట్టెయ్యలేదని మళ్లీ పరిగెత్తింది. వాన వెలిశాక వచ్చింది. “టీ చల్లారబెట్టేశావేంటి బాబాయ్?” ఆయన జాలీ వైపే చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా. పిలిచింది. మళ్లీ పిలిచింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, గ్లాసుకి ఇవతల కూలబడింది.

ఇద్దరి మధ్యా టీ గ్లాసు నిండుగానే ఉంది, పైన మీగడ కట్టి, నేల వాటానికి లోపలి టీ జాలీ వైపు ఓ గీత ఎత్తుగా నిలబడి.